ఇసుక కదిలిందన్నాడు తీగల వారబ్బాయి

2024 ఆగస్టు 31, శనివారం రాత్రి. మైపాడు దారిలో ఉన్న మా అన్నయ్యగారింట్లో ఎవ్వరం నిద్రపోలేదు. బెజవాడ వైపు వానలు దంచికొడుతున్నాయని టీవీలో ఒకటే చెబుతున్నారు. అక్కడే మా పిన్ని కూతురి కాపురం. సాయంత్రం ఫోను చేస్తే "సామాన్లు మేడ మీదికి చేరేస్తున్నాం" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు. (ఆమె గొంతు మళ్ళీ వినేసరికి సోమవారం సాయంత్రమైంది. క్షేమంగానే ఉన్నారు. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీ మనసంతా అక్కడే ఉంటుంది.)

పదకొండు దాటింది. వదిన మూడోసారి కాఫీకి నీళ్ళు పడేసింది. మా మేనల్లుడు మాత్రం మంచానికి అడ్డంగా పడుకుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. వాడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు, వినాయక చవితికి వారం ముందే దిగాడు.

"ఏందబ్బయ్యా అది? ఇంత రాత్రప్పుడు పచ్చిక మింద కర్ర పట్టుకోని నిలబడినాడు ఎవుడో" అంది వదిన తొంగిచూసి.

"గోల్ఫ్ మా. అమెరికాలో. ఈ ఆడేది మనోడే, సాహిత్ తీగల."

"తీగలోళ్ళా? మనోళ్ళేనా?"

అంతే. వదిన కాఫీ గ్లాసు పట్టుకుని మంచం పట్టె మీద కూలబడింది. నేనూ చేరాను. గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ళు తోచక ఆడుకునే ఆట అని తప్ప మా ఇద్దరికీ ఇంకేమీ తెలియదు. తెల్లవారేసరికి ఆటా తెలిసింది, ఆ అబ్బాయి సంగతీ తెలిసింది. ఆ తర్వాత నాకున్న ఆసక్తి కొద్దీ మరికొంత చదివి తెలుసుకున్నాను. అదే మీకు చెబుతున్నాను.

మన 'త' కి అమెరికాలో వచ్చిన తిప్పలు

ముందు పేరు సంగతి. అమెరికా వ్యాఖ్యాతలు అతన్ని "థీగాలా" అంటారు. తప్పు వాళ్ళది కాదు లెండి. మనం 'త' రాయాలంటే ఇంగ్లీషులో టీ పక్కన హెచ్ తగిలిస్తాం. లలిత, సరిత, అనిత... మన స్కూలు రిజిస్టర్లలో అందరికీ ఆ హెచ్ ఉండవలసిందే. ఆ హెచ్ ఇంటిపేరులోనూ ఉంది, సాహిత్ చివరా ఉంది. ఇంగ్లీషులో రాసిన ఆ పేరు చూడగానే ఇది తెలుగు ఇల్లని మనకి తెలిసిపోతుంది. వాళ్ళకెలా తెలుస్తుంది పాపం!

తల్లి కరుణ, తండ్రి మురళీధర్. హైదరాబాదు నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. సాహిత్ 1997 డిసెంబరులో పుట్టాడు. లాస్ ఏంజెలిస్ కి తూర్పున చినో హిల్స్ అనే ఊళ్ళో పెరిగాడు. అతను నడక నేర్చేనాటికి టైగర్ వుడ్స్ కుర్రవాడు. అమెరికా అంతా టీవీల ముందు కూర్చుని అతని ఆటే చూస్తోంది. తీగల వారింట్లో కూడా అంతే. గోల్ఫ్ తాతముత్తాతల నుంచి వచ్చిన ఆట కాదు, గొప్ప క్లబ్బులతో సంబంధాలూ లేవు. టీవీలో చూసి ముచ్చటపడి పిల్లవాడి చేత కర్ర పట్టించారు. అందరూ డబ్బు కట్టి ఆడుకునే మామూలు మైదానాల్లోనే నేర్చుకున్నాడు.

సంగీతం క్లాసుకో, ట్యూషనుకో పిల్లల్ని దింపి, బయట అరుగు మీద గంటల తరబడి కూర్చునే తల్లులకి ఆ జీవితం ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.

గరిటెల సంచీ

ఇంతకీ ఆట ఏమిటంటారా? పెద్ద పచ్చిక మైదానం. అందులో 18 చోట్ల గుంటలు. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే మన మంచినీళ్ళ గ్లాసు మూతి కంటే కాస్త పెద్దది. ఎక్కడో నాలుగైదు వందల గజాల అవతల నిలబడి, నిమ్మకాయంత బంతిని కొట్టుకుంటూ కొట్టుకుంటూ వచ్చి ఆ గుంటలో పడెయ్యాలి. ప్రతి గుంటకీ ఇన్ని దెబ్బల్లో వెయ్యాలని ముందే ఒక లెక్క ఉంటుంది. దాన్ని 'పార్' అంటారు. మొత్తం 18 కీ కలిపి 70 నుంచి 72 దాకా వస్తుంది. అంతకంటే ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత మొనగాడు. తక్కువ నూనెతో వంట ముగించినట్టన్నమాట!

సంచీలో 14 కర్రల వరకు పెట్టుకోవచ్చు, పదిహేనోది ఉండకూడదు. దూరం కొట్టడానికి ఒకటి, ఇసుకలోంచి లేపడానికి ఒకటి, గుంట దగ్గర మెల్లగా దొర్లించడానికి ఒకటి. "మన గరిటెల మాదిరే గదా" అంది వదిన. సరిగ్గా అదే. అట్లకాడతో పప్పు ఎనపలేం, పప్పుగుత్తితో దోసె తిరగెయ్యలేం.

పోటీ గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. చాలా పోటీల్లో శుక్రవారం సాయంత్రానికి సగం మందిని ఇంటికి పంపేస్తారు. వాళ్ళకి పైసా రాదు. విమానం టిక్కెట్టు, హోటలు ఖర్చు, సంచీ మోసే క్యాడీ జీతం, అంతా చేతి చమురే. టీవీలో కోట్ల డాలర్లు కనిపిస్తాయి గాని, అక్కడిదాకా రాలేక అప్పులతో మానుకున్నవాళ్ళు ఎందరో.

అన్నట్టు క్యాడీ అంటే గుర్తొచ్చింది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021 లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ లో ఒక్క దెబ్బ తేడాతో కంచు పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ నాలుగు రోజులూ, ఆ ఉక్కలో, ఆమె సంచీ మోసింది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మ మహేశ్వరిగారు! అంతకు ముందు 2016 రియో ఒలింపిక్స్ లో తండ్రి మోశారు.

ఇక నేను ఆశ్చర్యపోయిన సంగతి. ఈ ఆటలో క్రికెట్లో లాగా వెనకాలే అంపైరు నిలబడడు. నియమాలు తెలిసిన అధికారులు మైదానంలో అక్కడక్కడ ఉంటారు, పిలిస్తే వస్తారు. ఎన్ని దెబ్బలు కొట్టాడో ఆటగాళ్ళే ఒకరిది ఒకరు రాసుకుంటారు. చివర్లో ఎవరి కాగితం మీద వాళ్ళు సంతకం పెట్టాలి. ఏ గుంటకైనా ఒక్కటి తక్కువ రాసిన కాగితం మీద సంతకం పెడితే పోటీలోంచే తీసేస్తారు. తన తప్పు తానే చెప్పుకోవడం ఈ ఆటలో నియమం!

ఇసుక గుంటలు

మైదానంలో అక్కడక్కడ ఇసుక గుంటలు ఉంటాయి. వాటి పేరు బంకర్లు. కావాలని పెట్టినవే, బంతి అందులో పడితే ఆటగాడు తిప్పలు పడాలని. "ఇసకేందిరా మధ్యలో?" అని వదిన అడిగితే మేనల్లుడు చక్కగా చెప్పాడు. ఈ ఆట పెరిగింది స్కాట్లండు సముద్రతీరంలోనట. సముద్రానికీ సాగుభూమికీ మధ్య పంట పండని ఇసుక దిబ్బలు, గాలికి పడుకునే గడ్డి. మా మైపాడు నుంచి అటు రామతీర్థం దాకా సరుగుడు తోపుల వెనకాల ఉండే నేల మాదిరే. పంటకి పనికిరాని ఆ నేల మీద గొర్రెలు మేసేవి, ఖాళీగా ఉన్న మనుషులు బంతి కొట్టుకునేవారు. తర్వాత ఊళ్ళలో మైదానాలు కట్టినప్పుడు కూడా ఆ ఇసుకని తెచ్చి పోసుకున్నారు. మన దేశంలో 1829 లోనే కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. మన విశాఖపట్నంలోని క్లబ్బు 1884 నాటిది.

ఈ ఇసుకని మీరు గుర్తుంచుకోండి. సాహిత్ కథలో ఇది పదేపదే వస్తుంది.

వంకర వెన్ను

ఆ అబ్బాయికి చిన్నప్పటి నుంచీ వెన్నెముక నిటారుగా లేదు. పక్కకి ఒంపు తిరిగి ఉంటుంది. డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. గోల్ఫ్ లో దెబ్బంతా నడుము, వెన్ను తిప్పడంలోనే ఉంది. వంకర వెన్నుతో ఆ ఆటా! ఆ మాట మొదటిసారి విన్నప్పుడు కరుణగారి గుండె ఎలా కొట్టుకుందో ఊహించగలను. అతని ఆట తీరు పుస్తకాల్లో బొమ్మల్లా ఉండదు, ఒంటికి తగ్గట్టు తనే కుదుర్చుకున్నాడు. బంతి కుడికో ఎడమకో చెట్లలోకి పోవడం, అక్కడి నుంచి ఎవరూ ఊహించని దెబ్బతో బయటికి రావడం... చూసేవాళ్ళకి అదే ముచ్చట.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒక మాట చెప్పాలి. పిల్లలకి తలంటేటప్పుడు, జడ వేసేటప్పుడు ఒక్కసారి వీపు వంక చూడండి. ఒక భుజం ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉందా? జాకెట్టు కుట్టే ఆమె "ఒక పక్క పొడుగొస్తోందమ్మా" అందా? కాళ్ళు దగ్గర పెట్టి, మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగమనండి. వెనక నుంచి చూస్తే వీపులో ఒక పక్క ఉబ్బెత్తుగా కనిపిస్తే ఎముకల డాక్టరుకి చూపించండి. పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు, పిల్లలు గబగబా ఎదిగే రోజుల్లో ఒంపు ముదురుతుంది. ముదిరేది ఆడపిల్లల్లోనే ఎక్కువ. స్కూలు సంచీ బరువు వల్ల వచ్చిందనో, సరిగ్గా కూర్చోదనో పిల్లని తిట్టకండి. చాలామందిలో కారణమే తెలియదు. చిన్న ఒంపులకి ఏడాదికి ఒకటి రెండుసార్లు చూపించుకుంటే సరిపోతుంది. కొందరికి నడుముకి పట్టీ లాంటిది వేస్తారు, కొద్దిమందికే ఆపరేషను.

సరే, కథలోకి వద్దాం. కాలిఫోర్నియాలోనే పెప్పర్ డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడేవాడు. అంతలో మణికట్టు దెబ్బతింది. 2018-19 లో ఒక ఏడాదంతా ఆట లేదు. గోల్ఫ్ ఆడేవాడికి మణికట్టు పోవడమంటే పాటగత్తెకి గొంతు పోవడమే. తిరిగి వచ్చిన ఏడాదే, 2020 లో, అమెరికా కాలేజీ ఆటగాళ్ళకి ఇచ్చే మూడు పెద్ద బహుమతులూ (హాస్కిన్స్, హోగన్, నిక్లస్) ఒక్కడే తెచ్చుకున్నాడు. కరోనాతో కాలేజీ పోటీలు మధ్యలో ఆగిపోయిన ఏడాది అది. ఆ వేసవిలోనే వృత్తి ఆటగాడయ్యాడు. 2021 లో అక్కడి పెద్ద పోటీల్లో చాలావాటిని నడిపే పీజీఏ టూరులో చోటు దొరికింది.

చేతిదాకా వచ్చి...

2022 ఫిబ్రవరి. అరిజోనాలో ఫీనిక్స్ ఓపెన్. ఆడే అర్హత తనకి లేదు, నిర్వాహకుల ఆహ్వానం మీద వచ్చాడు. శుక్రవారం ముందున్నాడు, శనివారమూ ముందున్నాడు. ఆదివారం ఇంకో రెండు గుంటలు ముగిస్తే చాలు. 17వ గుంట దగ్గర బాగానే కొట్టిన బంతి నేల తాకి ఎడమకి ఎగిరి నీళ్ళలోకి పోయింది. ఒక్క దెబ్బ తేడా! ఆట అయ్యాక తల్లిదండ్రుల్ని పట్టుకుని ఏడ్చేశాడు. పాతికేళ్ళు నిండని పిల్లవాడు, వేలమంది చూస్తుండగా. మురళీధర్ గారు కొడుకు వెంట మైదానమంతా నడుస్తూ, గొంతెత్తి ఉత్సాహపరిచే మనిషి. ఆ రోజు నుంచి అమెరికా జనం ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టారు.

అదే ఏడు జూన్. కనెక్టికట్ లో ట్రావెలర్స్ పోటీ. 17వ గుంట అయ్యేసరికి ఒక్క దెబ్బ ముందున్నాడు. మిగిలింది ఒకే ఒక్క గుంట. ఈసారి బంతి ఇసుకలో పడింది. అందులోంచి కొట్టిన దెబ్బ గుంట గట్టుకి తగిలి, మళ్ళీ ఇసుకలోనే పడింది! పార్ కంటే రెండు దెబ్బలు ఎక్కువ పట్టాయి. గెలుపు జాండర్ షాఫెలీకి పోయింది, మనవాడికి రెండో స్థానం, అదీ ఇంకొకరితో పంచుకుని.

2023 ఏప్రిల్ లో మొదటిసారి మాస్టర్స్ కి వెళ్ళాడు. అది గోల్ఫ్ లో ఉన్న నాలుగు మహా పోటీల్లో ఒకటి. చివరి రోజు 16వ గుంట దగ్గర, పక్క నుంచి మెల్లగా లేపిన బంతి ఆ ఏటవాలు పచ్చిక మీద చుట్టూ తిరిగి వచ్చి గుంటలో పడింది. 2005 లో టైగర్ వుడ్స్ అదే గుంట దగ్గర కొట్టిన ప్రఖ్యాతమైన దెబ్బని జనం గుర్తు చేసుకున్నారు. తొమ్మిదో స్థానం దక్కింది.

ఆఖరికి 2023 సెప్టెంబరు 17. కాలిఫోర్నియాలోనే, ద్రాక్షతోటల నాపాలో, ఫోర్టినెట్ పోటీ. పార్ కంటే 21 తక్కువ, రెండు దెబ్బల తేడాతో గెలుపు. బహుమతి 15 లక్షల డాలర్లకు పైనే. గెలిచింది సొంత రాష్ట్రంలో, అయినవాళ్ళ మధ్య. ఈసారి ఏడుపులు వేరే రకం.

ఎవరూ చూడని తప్పు

ఇప్పుడు ఆ శనివారం రాత్రికి వద్దాం. అది మామూలు పోటీ కాదు. టూర్ చాంపియన్ షిప్, ఏడాదంతా బాగా ఆడిన 30 మందికే ప్రవేశం. జరిగేది అట్లాంటా నగరంలోని ఈస్ట్ లేక్ మైదానంలో. ఆ ఏడు మొదటి బహుమతి రెండున్నర కోట్ల డాలర్లు, రెండోది కోటీ పాతిక లక్షలు, మూడోది 75 లక్షలు.

మూడో రోజు ఆట. మూడో గుంట దారిలో సాహిత్ బంతి ఇసుకలో పడింది. ఇక్కడొక నియమం చెప్పాలి. ఇసుకలో ఉన్న బంతిని కొట్టబోయే ముందు కర్రతో ఇసుకని తాకకూడదు. కర్రని వెనక్కి ఎత్తేటప్పుడు కూడా. తాకితే ఇసుక గట్టిగా ఉందో పొడిగా ఉందో తెలిసిపోతుంది, అది అన్యాయపు లాభం. జరిమానా రెండు దెబ్బలు.

సాహిత్ కర్ర వెనక్కి ఎత్తాడు, కొట్టాడు. మాకేం తేడా కనపడలేదు. కాసేపటికి అధికారిని పిలిచాడు. కర్ర వెనక్కి పోయేటప్పుడు కాస్త ఇసుక కదిలిందని తనకి అనిపించిందన్నాడు. రెండు దెబ్బలు కలిపారు. అతను తల ఊపి తర్వాతి గుంటకి నడిచాడు.

"ఎవరన్నా చూసినారా?" అంది వదిన.

"ఎవరూ చూళ్ళేదు మా. నోరు మూసుకోనుంటే అయిపోయేది."

"మరెందుకు చెప్పినాడు?"

"కెమెరాలుంటాయి గదా. తర్వాత బయటపడితే పరువు పోతుందనుకోని ఉంటాడు."

నాకు ఆ మాట నచ్చలేదు. నిజమే, కెమెరాలున్నాయి. కానీ మామూలుగా చూసే కళ్ళకి ఆనని సంగతి అది. చెయ్యి కదిపినవాడికే తెలిసేది. కూరలో ఉప్పు రెండోసారి వేసింది వేసినవాళ్ళకే తెలిసినట్టు. పైగా నిర్ణయం తీసుకోవడానికి అతనికి ఎంతో వ్యవధి లేదు. ఎదురుగా అంత డబ్బుంది. రెండేళ్ళ క్రితం ఒకటి రెండు దెబ్బల తేడాలతోనే రెండు పోటీలు పోగొట్టుకుని ఏడ్చిన పిల్లవాడు, రెండు దెబ్బల విలువ ఏమిటో అతనికి తెలియదా?

వదిన చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసు కింద పెట్టి, తనలో తను అనుకున్నట్టు అంది: "నా పాల కొలత గిన్నె సొట్టపోయి మూడేళ్ళయింది."

వదిన రెండు గేదెల్ని పెట్టుకుని వీధిలో పది ఇళ్ళకి పాలు పోస్తుంది. ఆ అర లీటరు గిన్నె నేనూ ఎరుగుదును. ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. బిడ్డ చేతిలోంచి జారి పడిందని ఎప్పుడో చెప్పింది. మేనల్లుడు ఫోనులోంచి తలెత్తి తల్లి వంక చూశాడు, ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం పాలు పోసేటప్పుడు వదిన ప్రతి ఇంటి గిన్నెలో కొలత అయ్యాక మరికాస్త ఒంపడం చూశాను. "ఏమ్మేయ్, ఈ రోజు చెయ్యి తిరిగిందే!" అని ఎదురింటామె నవ్వింది. ఆ వారం సంతలో కొత్త గిన్నె కొన్నదని తర్వాత తెలిసింది.

జరిమానా పడ్డాక కూడా సాహిత్ ఆ శనివారం 66 దెబ్బల్లో ముగించాడు. ఆదివారం 64. పోటీలో గెలిచింది స్కాటీ షెఫ్లర్. రెండోవాడు కాలిన్ మొరికావా, మొత్తం లెక్కలో పార్ కి 26 తక్కువ. సాహిత్ మూడోవాడు, 24 తక్కువ. లెక్క చూశారా? సరిగ్గా రెండు దెబ్బలు! ఆ రెండూ పడకుండా మిగతాదంతా అలాగే జరిగి ఉంటే ఇద్దరూ సమానం. రెండో బహుమతీ మూడో బహుమతీ కలిపి పంచితే చెరి కోటి డాలర్లు. అతనికి వచ్చింది 75 లక్షలు. అంటే ఆ కాస్త ఇసుక ఖరీదు 25 లక్షల డాలర్లు, అప్పటి మన లెక్కలో దాదాపు 21 కోట్ల రూపాయలు.

75 లక్షల డాలర్లు వచ్చినవాడికి నిజాయితీ పెద్ద కష్టమా అని మీరు అడగవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ఆ శనివారం మధ్యాహ్నం తను ఎన్నో స్థానంలో ముగిస్తాడో అతనికి తెలియదు. పైగా డబ్బు ఎక్కువైనకొద్దీ ఇలాంటివి తేలిక అవుతాయని నా అనుభవంలో అయితే ఎక్కడా చూడలేదు.

ఆస్ట్రేలియా అన్నాచెల్లెళ్ళు కాదు, అక్కాతమ్ముళ్ళు

అదే నెలలో, 2024 సెప్టెంబరులో, కెనడాలోని మాంట్రియల్ లో ప్రెసిడెంట్స్ కప్ జరిగింది. అమెరికా ఒక జట్టు, యూరప్ కాక మిగతా ప్రపంచమంతా ఒక జట్టు. హైదరాబాదు దంపతుల కొడుకు అమెరికా జట్టులో ఆడాడు. మొదటి రోజు అతనికి జత ఎవరో తెలుసా? ఆ మొరికావానే! ఎదుటి జంట ఇద్దరూ ఆస్ట్రేలియావాళ్ళు, ఆడమ్ స్కాట్, మిన్ వూ లీ. స్కాట్ సామాన్యుడు కాదు, 2013 లో మాస్టర్స్ గెలిచాడు. అంతకు ముందు ఏ ఆస్ట్రేలియా ఆటగాడూ దాన్ని గెలవలేదు. ఆఖరి గుంట దాకా సాగిన ఆటలో మనవాడి జంట గెలిచింది. కప్పు కూడా అమెరికాకే వచ్చింది.

మిన్ వూ లీ ఇంటి కథ కూడా వినదగ్గది. కొరియా నుంచి వెళ్ళి ఆస్ట్రేలియాలోని పెర్త్ లో స్థిరపడ్డ కుటుంబం. తల్లి గోల్ఫ్ నేర్పే మనిషి. అతని అక్క మింజీ లీ తమ్ముడికన్నా ముందే పేరు తెచ్చుకుంది. 2021, 2022, 2025 ల్లో ఒక్కొక్కటిగా మూడు మహా పోటీలు గెలిచింది. పరాయి దేశం వెళ్ళిన తల్లిదండ్రులు, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, శని ఆదివారాలు పిల్లల్ని కారులో ఎక్కించుకుని మైదానాల చుట్టూ తిరగడం... హైదరాబాదు వాళ్ళయితేనేం, కొరియా వాళ్ళయితేనేం!

సాహిత్ కి 2025 అచ్చిరాలేదు. మెడ పట్టేసింది, పక్క కండరాలు బాధపెట్టాయి. పోటీలు మధ్యలో వదులుకోవలసి వచ్చింది, నెలల తరబడి ఇంటిపట్టున ఉన్నాడు. ముందటేడు 30 మందిలో మూడోవాడు, ఆ ఏడు ఆ 30 మందిలోనే లేడు. ఈ ఆట అంతే. గెలిచిన ఏడు గెలిచినట్టు, మళ్ళీ ఏడు మళ్ళీ మొదటి నుంచి.

ఈ మధ్య మైపాడు వెళ్ళినప్పుడు వదిన చేపల పులుసు పెట్టింది. మామిడికాయ వేసిన నెల్లూరు పులుసు, రెండో రోజుది. నా కంచంలో ముక్క వేస్తూ హఠాత్తుగా అడిగింది, "మ్మేయ్, ఆ తీగలోళ్ళ పిల్లోడు యెట్టున్నాడు?"

"ఈ మధ్య గెలవలేదు వదినా" అన్నాను.

"గెలుపు సంగతి గాదే నేనడిగేది. వాడి మెడ నొప్పి తగ్గిందా? అసలే వెన్ను వంకరంటివి."